ఉప్పునీళ్లలో ఊడ్పులు

హంసలదీవికి జనం మాఘ పౌర్ణమికి వెళ్తారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట మునక వేసి, జాతరలో జీళ్లు కొనుక్కుని, తడిబట్టలతోనే బస్సెక్కి వచ్చేస్తారు. మా పిన్నీ నేనూ జాతర అయిపోయి ఊరంతా ఖాళీ అయ్యాక, అమావాస్యకి వెళ్లాం. మేం క్రైస్తవులం కాబట్టి మునకలతో పనిలేక అలా వెళ్లామనుకోకండి. అమావాస్యకి కూడా ఆటు బాగా దిగుతుంది. నీరు వెనక్కి వెళ్లి, క్రీకులనే సముద్రపు పాయల్లో బురద మైదానంలా బయటపడుతుంది. మా పిన్నికి కావలసింది ఆ బురదే.

అసలు సంగతి ముందు చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు.

మా పిన్ని పేరు కరుణమ్మ. నందివాడ దగ్గర మా ఊళ్లో ఊడ్పుల ముఠాకి పెద్ద. వరినాట్లు మొదలయ్యే రోజున రైతులు ఆమె కోసం కాచుకుని ఉండేవారు. తొలి కట్ట కరుణమ్మ చేత నాటిస్తే పైరు ఊపు మీద లేస్తుందని నమ్మకం. "కరుణమ్మ చేయి మంచిది" అనే మాట మా ఊళ్లో నా చిన్నప్పటి నుంచీ విన్నాను. ఆమెకి ఎడమ పక్కన ఎప్పుడూ మా అమ్మ సువార్తమ్మ ఉండేది. అక్కాచెల్లెళ్లిద్దరూ నడుం వంచారంటే మళ్లీ గట్టు చేరేదాకా ఎత్తేవారు కాదు. నన్ను మాత్రం మడిలో కాలు పెట్టనిచ్చేవారు కాదు. పుస్తకం చేతికిచ్చి గట్టు మీద కూర్చోబెట్టేవారు. నేను పుస్తకంలోకి చూసిందానికన్నా వాళ్ల వీపుల వైపు చూసిందే ఎక్కువ. అలా చూస్తూ చూస్తూనే నర్సునయ్యాను.

ఇప్పుడు మా ఊళ్లో ఊడ్పులే లేవు. పొలాలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. మిగిలినవాటిలో విత్తనాలు వెదజల్లుతున్నారు. ముఠాలో కొందరు హైదరాబాదులో ఇళ్లలో పనికి కుదిరారు, కొందరు హాస్టళ్లలో వంట చేస్తున్నారు. అమ్మ చనిపోయింది. పిన్ని ఒక్కతే మిగిలింది.

అలాంటి సమయంలో కిందటేడు పిన్నికి ఒక కబురొచ్చింది. దివిసీమలో హంసలదీవి అవతల ఒక క్రీకులో సముద్రపు గడ్డి పోయిందట. అది వరిగింజంత ఆకులతో బురదకి అంటుకుని పెరిగే చిన్న గడ్డి. ఆ గడ్డిలోనే రొయ్యపిల్లలూ పీతపిల్లలూ తలదాచుకుని పెద్దవవుతాయి. ఈడ్పువలలూ ఇంజను పడవలూ చెరువుల మురుగూ కలిసి దాన్ని తుడిచిపెట్టేశాయి. దాన్ని మళ్లీ నాటించడానికి ఒక చిన్న సంస్థ ముందుకొచ్చింది. ఆ సంస్థలో పనిచేసే మాస్టారు నాటడం తెలిసిన చేతులు కావాలని మా పిన్నినీ, ఊళ్లో మిగిలిన నలుగురైదుగురినీ తీసుకెళ్లారు.

వీళ్లు వెళ్లి, బాగా పెరిగిన ఇంకో క్రీకులో గడ్డిని తీశారు. మాస్టారు పడవ తేవడానికి వెళ్లారు. ఆయన వచ్చేలోపు వీళ్లు జన్మంతా చేసిన పనే చేశారు. వరినారు పీకితే ఏం చేస్తాం? వేర్లకున్న మట్టి నీళ్లలో జాడించి, పాదానికేసి కొట్టి, శుభ్రంగా కట్టలు కడతాం. ఇదీ అంతే. ముచ్చటైన కట్టలు కట్టి పేర్చారు. చూసి మాస్టారు తల పట్టుకున్నారు. ఆ గడ్డికి మట్టే ఇల్లు. మట్టిపెళ్లతో సహా ఎత్తి, పెళ్లతో సహా పాతాలి. లేకపోతే పోటుకి ఆగదు. చేసేదిలేక అలాగే నాటించారు. మర్నాటికల్లా గడ్డంతా నీళ్ల మీద తేలింది.

ఆ క్రీకుకి కాపలా ఉండే నాగమణి అనే ఆవిడ అందరి ముందూ ఒక మాట అందట. "పొలం చేతులు ఉప్పునీళ్లకి పనికిరావు."

ఆ మాట పిన్నిలో ముల్లులా దిగిపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు కరివేపాకు మొక్క తెచ్చి నాటి పెట్టమంటే కూడా, నా చేయి మంచిది కాదులే అని చేతులు వెనక్కి పెట్టుకునేది. మొన్న ఆ మాస్టారు తల్లిని చూపించడానికి మా ఆసుపత్రికి వచ్చారు. ఈ అమావాస్యకి మళ్లీ నాటుతున్నామనీ, ఇది కూడా తేలిపోతే ఊరి పెద్దలు వల వేయకూడదన్న కట్టుబాటు ఎత్తేసి క్రీకుని వలలకి వదిలేస్తారనీ చెప్పారు. ఆదివారం మా గుడిలో ఆరాధన అయ్యాక పిన్నికి ఆ సంగతి చెప్పాను. రెండు రోజుల తర్వాత తెల్లవారేసరికి సంచితో గుడివాడలో మా గుమ్మం ముందు నిలబడి ఉంది.

గుడివాడ బస్టాండు

పిన్ని గుడికి కట్టుకునే తెల్లచీరలో వచ్చింది. బురదలోకి పోతూ తెల్లచీరేమిటని అడిగితే, "పని చీర సంచీలో ఉందే. మాట పడ్డ ఊరికి మాసిన చీరతో పోతానా?" అంది. మా తమ్ముడు బస్టాండు దాకా వచ్చి ఆఖరి ప్రయత్నం చేశాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల పిన్నీ? ఒకసారి వెళ్లి మాట పడ్డావు గదా. మళ్లీ ఎందుకు?"

"నేను పుట్టిందే అడుసు తొక్కటానికిరా. కాళ్లు కడుక్కుంటే పోయేదానికి దిగులేంటి?" అని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

బందరు వెళ్లే బస్సు. దారికి రెండు పక్కలా ఒకప్పుడు వరి ఉన్నచోట చెరువులు, చెరువుల్లో నీటికి గాలి పట్టించే చక్రాలు తుంపర చిమ్ముతూ కనిపించాయి. మధ్యమధ్య మిగిలిన పొలాల్లో మినుము కాయ పట్టి ఉంది. పిన్ని ప్రతి చెరువునీ దాని పాత యజమాని పేరుతో పిలిచింది. "ఇది సుబ్బారావుగారి ఎనిమిదెకరాలు. ఇక్కడ మీ అమ్మ కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. అయినా గట్టు ఎక్కలేదు." గుడ్లవల్లేరు దాటేదాకా ఇదే వరస. నీళ్లు నిండిన చెరువులో ఆమెకింకా నాటు వరసలే కనిపిస్తున్నాయి. నాకు నీళ్లే కనిపించాయి. అందుకు అసూయగా అనిపించింది.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన సంచీలో బాతుపిల్ల ఉంది. మనవరాలికి పుట్టినరోజు కానుకట. కేకు తీసుకెళ్లొచ్చు కదండీ అంటే, "కేకు రేపటికి ఉండదమ్మా, ఇదయితే పెరుగుద్ది" అన్నాడు. పెడనలో ఆయన దిగేలోపు బాతుపిల్ల నా చీర కుచ్చిళ్ల మీద తన గుర్తు వేసింది. ప్రయాణంలో మొదటి నష్టం నాదే.

బందరు

మచిలీపట్నం అని బోర్డుల మీద రాస్తారు గానీ, మా వాళ్లెవరూ ఆ మాట అనరు. బందరే. పోర్టు పనులకి పోయే లారీలు రోడ్డంతా దుమ్ము లేపుతున్నాయి. నర్సు ట్రెయినింగు ఇక్కడే చేశాను. అప్పట్లో నెలకోసారి అమ్మ నన్ను చూడటానికి వచ్చేది. ఊడ్పుల కాలంలో అయితే చేతి గోళ్ల కింద మట్టి పోకుండా అలాగే వచ్చేది. హాస్టలు గేటు దగ్గర ఆ చేతులు పైటచెంగు కింద దాచుకునేది. ఆ గేటు ఇప్పుడు రంగు మారింది. బస్సు దాన్ని దాటుతుంటే తల తిప్పి చూశాను, దాటిపోయాక కూడా చూశాను.

బందరులో దిగినవాళ్లు తొక్కుడు లడ్డు కొనకుండా పోతే పాపం. శనగపిండి పూసని రోట్లో వేసి, బెల్లపు పాకం పోసి, నెయ్యి తగలేస్తూ దంచీ దంచీ చేస్తారు. నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పని ఉండదు. అరకిలో రెండు వందల పైచిలుకు చెప్పాడు. మా గుడివాడలో మినపసున్ని దానికేం తీసిపోదని నేను గొప్పకి పోయాను. దుకాణం అతను నవ్వి, "అది ఇంట్లో తినేదండీ, ఇది పట్టుకెళ్లేది" అన్నాడు. ఒక్క మాటతో నోరు మూయించాడు.

పిన్ని కిలో కట్టించింది. "మనిద్దరికీ కిలో ఎందుకు?" అన్నాను.

"మనకి కాదు. ఆ నాగమణికి. తప్పు చేసినోళ్లు వట్టి చేతుల్తో ఎట్టా పోతారే?"

అవనిగడ్డ, కోడూరు

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దివిసీమలో అడుగుపెడితే గాలి మారుతుంది. ముఖానికి ఉప్పుతడి తగులుతుంది. పొలాలు మా వైపు పొలాల్లాగే ఉంటాయి గానీ, ఒక ఊరు దాటేసరికి గట్టు మీద పడవ బోర్లించి ఉంటుంది.

కోడూరులో రేకుల షెడ్డు కింద ఒకావిడ నడిపే హోటల్లో తిన్నాం. పీతల కూర. మా ఇంట్లో పీతల్లో మునక్కాడ వేస్తాం, ఆవిడ చింతచిగురు వేసింది. గిన్నె నాకే వదిలేయమని అడగాలనిపించింది. పిన్ని మాత్రం పీత డెక్కల్ని పళ్ల మధ్య పగలగొడుతూ ఏదో లోకంలో ఉంది. ఇంతదూరం ఎందుకొచ్చారని ఆవిడ అడిగితే, గడ్డి నాటడానికి అన్నాను.

"గడ్డి నాటడానికి గుడివాడ నుంచి వచ్చారా? మా ఇంటిచుట్టూ మోకాలెత్తున ఉందండీ. పీక్కుపోతే కూలి కూడా ఇస్తాను" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. పిన్ని నవ్వలేదు. చేయి కడుక్కుంటూ మెల్లిగా అంది, "నవ్వనీ. నేనూ కిందటేడు గడ్డే గదా అనుకునే కడిగాను."

అక్కడి నుంచి ఆటో. హంసలదీవి గుడి గోపురం కనిపించాక తారు రోడ్డు అయిపోయి ఇసుకబాట మొదలైంది. ఆటో చక్రం ఇసుకలో కూరుకుపోయింది. డ్రైవరు దిగి తోయమన్నాడు. తెల్లచీర నడుముకి దోపి పిన్ని తోసింది, నేనూ తోశాను. అయినా అతను చెప్పిన రేటులో రూపాయి తగ్గించలేదు.

క్రీకు గట్టు

మడచెట్లు మొదలయ్యేచోట పాతిక ఇళ్ల పల్లె. వలలు ఆరేసిన దడి పక్కన ఒకావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. సన్నగా, నల్లగా, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఉంది. పిన్ని అడుగు నెమ్మదించడం చూసి, ఆవిడే నాగమణి అని నాకు తెలిసిపోయింది.

ఆవిడ మమ్మల్ని చూసింది, గుర్తుపట్టింది. చేపలు తిరగేయడం ఆపలేదు.

"ఏం వదినా, ఇట్టా వచ్చావు?"

పిన్ని లడ్డు పొట్లం చాచింది. "ఈసారి నాట్లకి నన్ను కూడా దిగనిస్తావేమో అడగటానికి వచ్చాను."

నాగమణి పొట్లం అందుకుంది. విప్పి, ఒక లడ్డు సగం కొరికి, మిగిలిన సగం పిన్నికే ఇచ్చింది. "లడ్డు తింటాను. క్రీకులోకి మాత్రం దిగనివ్వను. ఏమనుకోమాక వదినా. ఊరు నా మాట మీద ఇన్నాళ్లు వల వెయ్యకుండా ఆగింది. మళ్లీ తేలిపోతే నా మొహాన ఉమ్మేత్తారు."

ఉప్పుగాలికి పిన్ని కళ్లు మండాయో, మరేదో గానీ, పైటతో తుడుచుకుంది. నాకు కోపం వచ్చింది. ఏదో అనబోయాను. పిన్ని నా చేయి పట్టుకుని ఆపింది. "ఆమెది నిజం. నా మడి నేను కాచుకున్నట్టే ఆమె క్రీకు ఆమె కాచుకుంటంది."

దిగనివ్వనంది గానీ నాగమణి మమ్మల్ని వెనక్కి పోనివ్వలేదు. ఆ సాయంత్రం వాళ్లింట్లోనే అన్నం. ఎండు మెత్తళ్లు దోరగా వేయించి, పచ్చిపులుసు చేసింది. మేం తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే, ఆవిడ కూడా గరిట పట్టుకుని ఊరుకుంది. ప్రార్థన అయ్యాక, "మేం కూడా క్రీకులో దిగేముందు దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుని గంగమ్మకి దణ్ణం పెట్టుకుంటాం లెండి" అంది. మా వాళ్లు మడిలో దిగేముందు గట్టు మీద నిలబడి ఒక చిన్న ప్రార్థన చేసేవారు. అది గుర్తొచ్చి, పాదం తడిసేముందు ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవడం ఈ డెల్టా అంతటా ఒకటేననిపించింది.

నాగమణి చిన్నప్పుడు ఆటు దిగగానే ఆడపిల్లలంతా క్రీకులోకి పరుగెత్తేవారట. గడ్డిలో చేత్తో తడిమితే చాలు, రొయ్యలు వేళ్లకి తగిలేవట. వల అక్కర్లేదు, పడవ అక్కర్లేదు. మగవాళ్లు సముద్రం నుంచి వట్టి చేతులతో వచ్చినా, ఆడవాళ్లు ఒడినిండా తెచ్చేవారట.

"ఆ గడ్డి మీద కాలు పెడితే ఎట్టా ఉండేదో ఇంకా నా అరికాలికి గుర్తుంది" అంది. "మెత్తగా, చల్లగా. ఇప్పుడు క్రీకులో దిగుతుంటే ఎవరో చచ్చిపోయిన ఇంట్లోకి పోతన్నట్టుంటది."

పిన్ని ఆమె వైపే చూస్తోంది. "నాకూ అంతే. మా ఊళ్లో ఇప్పుడు మడే లేదు" అంది. ఆ ఇద్దరికీ కావలసింది బురద తప్ప ఇంకేమీ లేదు. అది మళ్లీ దొరికే చోటు ఒకటే ఉంది, అక్కడికి వెళ్లనీయని మనిషి కూడా అక్కడే ఉంది.

ఆటు

ఉదయం ఆటు దిగింది. నీరు ఎటు పోయిందో తెలియదు, కనుచూపు మేర నున్నటి బురద మెరుస్తోంది. మాస్టారు ఇద్దరు మనుషులతో ఇంకో క్రీకు నుంచి గడ్డిపెళ్లలు రేకు పళ్లేల్లో పెట్టి పడవ మీద పంపించారు. ఈసారి ఎవరూ కడగలేదు. నాగమణీ, పల్లె ఆడవాళ్లు అయిదారుగురూ నీళ్లు నెత్తిన చల్లుకుని దిగారు. పిన్ని గట్టు మీద నిలబడింది. ఆమె పక్కన నేను. ఇన్నేళ్ల తర్వాత ఇద్దరం గట్టు మీదే మిగిలాం.

ముందటి అమావాస్యకి ప్రయత్నంగా వాళ్లు మడిచెక్కంత చిన్న జాగాలో పెళ్లలు నాటారు. అందులో సగం కూడా బతకలేదు. ఎందుకు పోయాయో ఎవరికీ తెలియలేదట. పిన్ని చేయి కళ్లకి అడ్డంపెట్టుకుని ఆ జాగా వైపే చాలాసేపు చూసింది. తర్వాత కింద జరుగుతున్న నాటు చూసింది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది. ప్రయాణం మొత్తంలో అదే మొదటి నవ్వు.

"నాగమణీ! నువ్వు నాటుతున్నావా, తొక్కుతున్నావా?"

నాగమణి నడుం ఎత్తింది. "ఏంటి వదినా?"

"ముందుకి నడుస్తా నాటుతున్నావు. పెళ్ల పెట్టటం, దాని పక్కనే కాలెయ్యటం. ఎనక్కి తిరిగి చూడు. నీ కాలి గుంటలోకి పెళ్ల ఒరిగిపోతంది. నీళ్లొచ్చాక అట్టా ఒరిగింది ఏదైనా బతుకుద్దా?"

ఆడవాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. నిజమే. మోకాలిలోతు కాలి గుంటలు వరసగా ఉన్నాయి, వాటి అంచున పెళ్లలు కుంగుతున్నాయి. వీళ్లు పుట్టినప్పటి నుంచీ నడిచింది చేప వెంట, నీటి వెంట. ముందుకి తప్ప నడవరు. మా ఊడ్పులవాళ్లు వెనక్కి నడుస్తూ నాటుతారు. నాటినదాని మీద కాలు పడే ప్రశ్నే ఉండదు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ తెలుసుననుకుంటారు. పిన్ని వేర్లు కడిగిందీ అలాగే, నాగమణి ముందుకి నడిచిందీ అలాగే.

నాగమణి వంగి, ఒరిగిన ఒక పెళ్లని వేలితో నిలబెట్టి చూసింది. ఆమె ముఖంలో కోపం ఉందో, సిగ్గుందో నాకు అంతుపట్టలేదు. చివరికి చేతిలో ఉన్న పెళ్లని పైకెత్తి చూపించి, "మట్టి నాది, నడక నీది. దిగు వదినా" అంది.

పిన్ని మడచెట్టు చాటుకి వెళ్లి పని చీర కట్టుకొచ్చింది. గట్టు దిగేముందు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏం అడిగిందో నేనడగలేదు.

మొదటి పెళ్ల చేతికి రాగానే జరిగింది చెప్పాలి. పిన్ని దాన్ని అందుకుని, తన ప్రమేయం లేకుండానే పక్కనున్న నీటిగుంట వైపు వంగింది. నాగమణి "వదినా!" అని అరిచి ఆమె చేతి మీద చిన్న దెబ్బ వేసింది. పిన్ని ఉలిక్కిపడి చేతులు గుండెలకి ఆనించుకుంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. జన్మంతా కడిగిన చేతులు మట్టితో ఉన్నదాన్ని అలాగే పాతాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఆసుపత్రిలో చేతులు కడుక్కోకుండా ఒక్క మనిషినీ ముట్టుకోలేను.

తర్వాత వరస కుదిరింది. పిన్ని కుడివైపు చివర నిలబడి, "ఎనక్కి, ఎనక్కి, తొందరేం లేదు" అంటూ నడిపించింది. పల్లె ఆడవాళ్లు మొదట్లో వెనక్కి పడిపోయారు, ఒకరి మీద ఒకరు కూలబడ్డారు. కాసేపటికి అలవాటైంది. జానెడు దూరంలో ఒక్కో పెళ్ల, అరచేత్తో అదిమి, ఒకడుగు వెనక్కి.

మనుషులు చాలడం లేదని గట్టు మీది నుంచే తెలుస్తోంది. నీరు వచ్చేలోపు పళ్లేలన్నీ ఖాళీ కావాలి. నేను చీర ఎగ్గట్టాను.

"నువ్వు దిగమాక!" అని పిన్ని అరిచింది. తల కూడా ఎత్తలేదు. అలవాటుగా వచ్చేసిన మాట అది. "చదువుకున్నదానివి, నీకెందుకీ బురద?"

నేను దిగాను. రెండో అడుగులోనే ఎడమ చెప్పు బురద మింగేసింది. ఎంత తవ్వినా దొరకలేదు. రెండోది నేనే విసిరేశాను. వెళ్లి పిన్నికి ఎడమ పక్కన నిలబడ్డాను. అమ్మ చోటది. పిన్ని నా కాళ్ల వైపు చూసి, నా ముఖం వైపు చూసింది. ఒక పెళ్ల నా చేతిలో పెట్టింది. చల్లగా, బరువుగా ఉంది. చిన్న చిన్న ఆకులు నా బొటనవేలికి తగిలాయి. గట్టు మీద కూర్చుని చదువుకున్న రోజుల్లో నాకు కావలసిందల్లా ఇదేనని అప్పుడు తెలిసింది. ఆలస్యంగా దొరికింది. దొరికేసరికి పక్కన ఉండాల్సిన మనిషి లేదు. ఏడుస్తూనే నాటాను. బురద చేతులతో కళ్లు తుడుచుకోలేం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరి పళ్లెం ఖాళీ అయ్యేసరికి పోటు మొదలైంది. ముందు సన్నటి చారలాగా వచ్చి, చూస్తుండగానే మా నాటంతా నీళ్ల కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు

మర్నాటి ఆటుకి పిన్ని అందరికన్నా ముందు గట్టు మీద ఉంది. నీరు దిగుతున్నకొద్దీ ఆమె మెడ ముందుకి సాగింది. నీటి మీద ఒక్క పోచ కూడా తేలడం లేదు. బురద బయటపడ్డాక వరసలు వరసలుగానే ఉన్నాయి. అక్కడక్కడ కొన్ని పెళ్లలు కుంగాయి, అవి నేను నాటినవేనని నా అనుమానం.

నాగమణి "ఉన్నాయి వదినా" అంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఉండటం వేరు, బతకటం వేరు. ఏరు మట్టిలోకి దిగి పట్టుకోవాలి. వరికైతే వారం. దీనికెంతో నాకు తెలవదు."

మధ్యాహ్నం ఆటో వచ్చింది. నేను సంచి సర్దుకున్నాను. పిన్ని సర్దుకోలేదు.

"ఏరు పట్టిందో లేదో చూడకుండా ఎట్టా వస్తానే? మడి నాటి గట్టు మీద కాపలా లేకుండా ఏ రైతన్నా ఇంటికి పోతాడా?"

"ఎక్కడుంటావు పిన్నీ? ఏం తింటావు?"

"మా ఇంట్లో ఉంటది" అని నాగమణి పక్క నుంచి అంది. "మీరు పోయి ఉద్యోగం చూసుకోండి. లడ్డు ఇంకా అరకిలో ఉంది."

ఆటో కదిలాక వెనక్కి చూశాను. ఇద్దరూ అప్పుడే గట్టు దిగుతున్నారు. తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ, బందరు, పెడన అన్నీ వచ్చాయి గానీ, ఏ చెరువు ఎవరి పొలమో చెప్పే మనిషి లేదు. నా కాళ్లకి కోడూరులో కొన్న రబ్బరు చెప్పులు. గోళ్ల కింద నల్లటి మట్టి. గుడివాడ వచ్చేదాకా దాన్ని తీయబుద్ధి కాలేదు.

గుడివాడలో, మళ్లీ

ఇది రాస్తున్న రోజుకి పిన్ని ఇంకా అక్కడే ఉంది. నాలుగు రోజుల కిందట నేను వార్డులో ఉండగా ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్లి ఎత్తాను. అవతల గాలి హోరు. పిన్ని రొప్పుతోంది.

"గ్రేసూ! పిలకేసిందే!"

వరిదుబ్బు కొత్త మొలక తీస్తే మా వైపు పిలకేసిందంటారు. ఆ గడ్డికి ఆ మాట వాడతారో లేదో మాస్టారికి కూడా తెలియదేమో. నాటిన పెళ్లలోంచి ఒక తీగ బయటికి పాకి, ఇవతలి బురదలో సొంతంగా వేరు దించి, రెండాకులు వేసిందట. ఒకటి కాదు, వరసంతా అలాగే ఉందట. పెద్దలు వచ్చి చూసి, కట్టుబాటు ఇంకో ఏడాదికి పొడిగించారట. ఇదంతా పిన్ని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఇంతలో నాగమణి ఫోన్ లాక్కున్నట్టుంది.

"అమ్మాయిగారూ, మీ పిన్ని చేయి మంచిదండీ. ఈ మాట ఊరందరి ముందూ అన్నాను, మీకూ చెప్తున్నాను."

మళ్లీ పిన్ని గొంతు వచ్చింది. ఈసారి నెమ్మదిగా ఉంది. "ఇన్నావా?" అంది. విన్నానన్నాను. గాలి వినిపిస్తోంది, దూరంగా ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఫోన్ పెట్టేయాలని ఆమెకీ లేదు, నాకూ లేదు.

నాకు తెలుసు, ఆ ఫోన్ అమ్మకి రావలసింది. అమ్మ లేదు కాబట్టి నేను ఎత్తాను.